సెల్‌ఫోన్‌తో ఇంట్లోనే ప్రొజెక్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

అట్టపెట్టె, భూతద్దం, సెల్‌ఫోన్. ఈ మూడూ ఉంటే గోడ మీద బొమ్మ వేయొచ్చని తెలియగానే పిల్లలూ పెద్దలూ ఉత్సాహంగా మొదలుపెడతారు. చాలామంది సగంలో ఆగిపోతారు. ఆగే చోట్లు కూడా దాదాపు అందరివీ ఒకటే: బొమ్మ మసగ్గా ఉంది, తలకిందులుగా ఉంది, వెలుగు చాలట్లేదు, అక్షరాలు తిరగబడ్డాయి. మళ్లీ మళ్లీ వచ్చే ఈ సందేహాలను పని జరిగే క్రమంలో ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. మీరు ఎక్కడ చిక్కుకున్నారో నేరుగా అక్కడికే వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

ఇది నిజంగా పనిచేస్తుందా, వీడియోల్లో చూపించే మాయేనా?

పనిచేస్తుంది. సూత్రం చాలా పాతది. 1659 నాటికే డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ మ్యాజిక్ లాంతరు తయారుచేశాడు. అందులో గాజు పలక మీద గీసిన బొమ్మ, దాని వెనక దీపం, ముందు కుంభాకార కటకం, అంటే మధ్యలో ఉబ్బిన లెన్సు ఉండేవి. మన దగ్గర బొమ్మా దీపమూ రెండూ ఫోన్ తెరే, కటకం భూతద్దం. అయితే లైట్లు వెలుగుతున్న గదిలో గోడ నిండా మిలమిలలాడే సినిమా ఎవరైనా చూపిస్తే నమ్మకండి. ఈ పద్ధతిలో అది రాదు.

కొన్న ప్రొజెక్టర్‌తో పోలిస్తే వెలుగు ఎంత ఉంటుంది?

చాలా తక్కువ. ఎంత తక్కువో లెక్క వేసి చూస్తే తర్వాత నిరాశ ఉండదు. ఫోన్ తెర వెలుగు 500 నిట్లు అనుకుందాం. నిట్ అంటే తెర కంటికి ఎంత కాంతిగా కనబడుతుందో చెప్పే కొలత, ల్యూమెన్ అంటే మొత్తం వెలుగుకు కొలత. 15 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు ఉన్న తెర నుంచి అన్ని దిక్కులకూ వెళ్లే వెలుగంతా కలిపితే 16 ల్యూమెన్ల దాకా వస్తుంది. 10 సెం.మీ. వ్యాసమున్న భూతద్దాన్ని 24 సెం.మీ. దూరంలో పెడితే అందులోంచి వెళ్లేది ఆ వెలుగులో నూటికి నాలుగు వంతులే. అంటే గోడకు చేరేది ఒక ల్యూమెన్ కూడా కాదు. ఇళ్లలో వాడే మామూలు ప్రొజెక్టర్లు రెండు మూడు వేల ల్యూమెన్లు ఇస్తాయి. ఆ కాస్త వెలుగును 75 సెం.మీ. వెడల్పు బొమ్మగా పరిస్తే గోడ మీద ఒక నిట్ కూడా ఉండదు. సినిమా హాలు తెరకు ప్రమాణం 48 నిట్లు. అయినా చీకటికి అలవాటు పడ్డ కంటికి ఆ బొమ్మ బాగానే కనబడుతుంది. ఈ పనిలో తీసుకునే ప్రతి నిర్ణయమూ ఉన్న కాస్త వెలుగును వృథా కానివ్వకుండా చూసుకోవడమే.

ఎంత పెద్ద బొమ్మ ఆశించవచ్చు?

50 నుంచి 60 సెం.మీ. వెడల్పు దగ్గర ఆగమని నా సలహా. బొమ్మ వెడల్పు రెట్టింపు చేస్తే అదే వెలుగు నాలుగింతల చోటులో పరుచుకుంటుంది, కాబట్టి కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. గోడంతా నింపాలనే ఆశతో డబ్బాను వెనక్కి జరిపి, ఏమీ కనబడట్లేదని పక్కన పడేసినవాళ్లు చాలామంది. వాళ్లే ఒక మీటరు ముందుకు జరిపి ఉంటే ముచ్చటైన బొమ్మ చూసేవాళ్లు.

## లెన్సు

ఎలాంటి భూతద్దం తీసుకోవాలి?

వ్యాసం 8 నుంచి 10 సెం.మీ., నాభ్యంతరం 20 సెం.మీ. దగ్గర ఉన్నది దొరికితే వదలకండి. దూరపు వస్తువు బొమ్మ లెన్సు నుంచి ఎంత దూరంలో స్పష్టంగా పడుతుందో అదే నాభ్యంతరం. వ్యాసం పెరిగేకొద్దీ ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. నాభ్యంతరం మరీ తక్కువైతే, అంటే 10 సెం.మీ. అలా ఉంటే, ఫోన్ లెన్సుకు మరీ దగ్గరవుతుంది; తెర అంచుల నుంచి వచ్చే కిరణాలు బాగా ఏటవాలుగా పడి బొమ్మ మధ్యలో తప్ప మిగతా అంతా అలుక్కుపోతుంది. మరీ ఎక్కువైతే పెట్టె పొడవు పెరుగుతుంది, వెలుగు తగ్గుతుంది. గాజైనా ప్లాస్టిక్ అయినా ఫరవాలేదు గానీ గీతలు పడినది వద్దు.

భూతద్దం మీద నాభ్యంతరం రాసి లేదు. ఎలా కనుక్కోవాలి?

పగటిపూట కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడండి. గోడకు తెల్లకాగితం ఆనించి, భూతద్దాన్ని కాగితం ముందు పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కీ జరపండి. ఒకచోట కిటికీ అవతలి చెట్టూ ఆకాశమూ బుల్లి బొమ్మగా, తలకిందులుగా, రంగులతో సహా కాగితం మీద తేలతాయి. చెట్టు కొమ్మలు స్పష్టంగా కనబడే చోట ఆపి, కాగితానికీ లెన్సుకూ మధ్య దూరం స్కేలుతో కొలవండి. అదే నాభ్యంతరం. కిటికీలోంచి కనబడే వస్తువు ఎంత దూరంలో ఉంటే కొలత అంత కచ్చితంగా వస్తుంది. ఈ పనికి సూర్యుడి వైపు మాత్రం భూతద్దం పట్టకండి. కాగితం అంటుకుంటుంది.

పాత కళ్లజోడు అద్దం పనికొస్తుందా?

దగ్గరి చూపు కోసం, అంటే చదువుకోవడానికి వాడే ప్లస్ పవర్ అద్దమైతే పనికొస్తుంది. మైనస్ పవర్ అద్దంతో గోడ మీద బొమ్మ రానే రాదు, అది కిరణాలను చెదరగొడుతుంది. 100ను పవర్‌తో భాగిస్తే సెంటీమీటర్లలో నాభ్యంతరం వస్తుంది. ప్లస్ 2.5 అద్దానికి 40 సెం.మీ. రెండు ప్లస్ 2.5 అద్దాలను ఒకదానికొకటి ఆనించి పెడితే పవర్ కలిసి 5 అవుతుంది, నాభ్యంతరం 20 సెం.మీ.కు దిగుతుంది. ఇబ్బందల్లా సైజుతోనే. 5 సెం.మీ. వెడల్పున్న అద్దం 10 సెం.మీ. భూతద్దంతో పోలిస్తే నాలుగో వంతు వెలుగే పంపుతుంది.

ఇంట్లో పాత కెమెరా లెన్సు ఉంది. ఖరీదైనది కదా, ఇంకా బాగా వస్తుందేమో?

రాదు. ఫిల్మ్ కెమెరాల్లో మామూలుగా ఉండే 50 మి.మీ. లెన్సును కర్ణం 4.3 సెం.మీ. ఉన్న ఫిల్మ్ ముక్క కోసం తయారుచేశారు. 6.5 అంగుళాల ఫోన్ తెర కర్ణం 16.5 సెం.మీ. తెర నడిమి భాగం మాత్రమే గుండ్రంగా గోడ మీద పడి, చుట్టూ చీకటిగా ఉంటుంది. ఆ లెన్సును దాని పనికే దాచుకోండి.

పుస్తకం పేజీ మీద పెట్టి చదువుకునే పల్చటి ప్లాస్టిక్ భూతద్దం వాడొచ్చా?

వాడొచ్చు. దాన్ని ఫ్రెనెల్ లెన్సు అంటారు. వేలితో తడిమితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు సన్నటి వలయాలుగా గరుకుగా తగులుతుంది. గరుకు వైపు గోడకు, నున్నటి వైపు ఫోన్‌కు ఉండాలి. తిప్పి పెడితే బొమ్మ మరింత మసకబారుతుంది. విశాలంగా ఉంటుంది కాబట్టి వెలుగు బాగా ఎక్కువ వస్తుంది, కానీ గాజు భూతద్దమంత స్పష్టత ఉండదు. చిన్న అక్షరాలు చదవాలంటే గాజు, కార్టూన్లు చూడాలంటే ఫ్రెనెల్ అని నా లెక్క. ఇది వంగకుండా చుట్టూ అట్ట ఫ్రేము కట్టడం తప్పనిసరి.

నీళ్లు నింపిన బల్బును లెన్సుగా పెట్టొచ్చట కదా?

వెలుగు వంగుతుందని చూపించడానికి చక్కని ప్రయోగం. ప్రొజెక్టర్‌కు మాత్రం వద్దు. గుండ్రటి బల్బు నాభ్యంతరం మరీ తక్కువ, అంచులన్నీ వంకరపోతాయి. పైగా బల్బు అడుగు ఊడదీసేటప్పుడు గాజు పగిలి చెయ్యి తెగుతుంది.

## పెట్టె

షూ డబ్బా సరిపోతుందా?

నాభ్యంతరం 20 సెం.మీ. దాకా ఉంటే సరిపోతుంది. పెట్టె పొడవు నాభ్యంతరం కన్నా కనీసం 8–10 సెం.మీ. ఎక్కువుండాలి. ఫోన్ ఎప్పుడూ లెన్సు నుంచి నాభ్యంతరం కన్నా కాస్త దూరంగానే ఉంటుంది, దాని వెనక స్టాండుకూ చోటు కావాలి. లోపలి వెడల్పు కూడా చూసుకోండి. అడ్డంగా పెట్టిన ఫోన్ గోడలకు ఒరుసుకోకుండా పట్టాలి.

లోపల నలుపు వేయడం తప్పనిసరా?

తప్పనిసరి. ఫోన్ వెలుగులో చాలా భాగం లెన్సులోకి పోకుండా పెట్టె గోడలకు తగులుతుంది. అట్ట తెల్లగానో లేత రంగులోనో ఉంటే ఆ వెలుగు చెదిరి మళ్లీ లెన్సులోంచి బయటికొచ్చి, బొమ్మలో నల్లగా ఉండాల్సిన చోట్లన్నీ బూడిద రంగులోకి మారతాయి. నల్ల చార్టు అతికించండి. మెరిసే పెయింటు కన్నా మెరుపులేని చార్టు మేలు. మూత లోపలివైపు కూడా మరచిపోవద్దు. గదిలో లైటు తీసేసి, ఫోన్ వెలిగించి, మూత వేసి చుట్టూ చూడండి. ఎక్కడ సన్నటి గీతలా వెలుగు కారుతుందో అక్కడ నల్ల టేపు వేయండి.

లెన్సు రంధ్రం ఎక్కడ, ఎలా కోయాలి?

ముందు ఫోన్‌ను దాని స్టాండు మీద నిలబెట్టి, తెర నడిమి భాగం పెట్టె అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. రంధ్రం కేంద్రం సరిగ్గా ఆ ఎత్తులో, పెట్టె వెడల్పుకు మధ్యలో రావాలి. ముందు రంధ్రం కోసేసి తర్వాత స్టాండు చేస్తే ఎత్తులు కలవవు. భూతద్దాన్ని పెట్టె మీద ఆనించి పెన్సిల్‌తో చుట్టూ గీసి, ఆ గీత కన్నా ఒక మిల్లీమీటరు లోపలికి కోయండి. లెన్సు లోపలికి జారిపోకుండా అంచు పట్టుకుంటుంది.

ఫోన్ నిటారుగా నిలబడట్లేదు, ఏం చేయాలి?

మందమైన అట్టను ఆంగ్ల అక్షరం ఎల్ ఆకారంలో మడిచి, వెనక త్రికోణపు ముక్క అతికించండి. ఫోన్‌ను దానికి రెండు రబ్బరు బ్యాండ్లతో కట్టండి. బ్యాండు పక్క బటన్ల మీదుగా పోతే సినిమా మధ్యలో ఫోన్ ఆగిపోవడమో శబ్దం దానంతటది తగ్గిపోవడమో జరుగుతుంది, కాబట్టి బటన్లను తప్పించండి. ఫోన్ ఏమాత్రం వెనక్కి వాలినా బొమ్మలో పైభాగం ఒకచోట, కింది భాగం ఇంకోచోట ఫోకస్ అవుతాయి. మూలమట్టం పెట్టి చూసుకోండి.

ఫోకస్ మార్చడానికి మాటిమాటికీ మూత తీయాల్సి వస్తోంది. వేరే దారి ఉందా?

స్టాండు అడుగున పొడవాటి అట్టపట్టీ అతికించి, పెట్టె వెనక గోడకు కోసిన సన్నటి చీలికలోంచి బయటికి తీయండి. మూత మూసే ఉంటుంది, పట్టీని లాగుతూ నెడుతూ ఫోకస్ సరిచేయొచ్చు. కుదిరిన చోట పట్టీ మీద పెన్సిల్ గీత పెట్టుకుంటే మర్నాడు వెతుక్కోనక్కర్లేదు.

## ఫోన్

ఏ సెట్టింగులు మార్చాలి?

బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచండి, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి. పెట్టెలోని చీకటి చూసి ఫోన్ తనంతట తానే వెలుగు తగ్గించేస్తుంది. కళ్లకు మంచిదని పెట్టుకున్న పసుపు వెలుగు, బ్యాటరీ ఆదా మోడ్ కూడా తీసేయండి. తెర ఆరిపోయే సమయం వీలైనంత పెంచండి. ఫోన్ కాల్స్, నోటిఫికేషన్లు రాకుండా ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వీడియోను ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం సుఖం.

నా ఫోన్ ప్రకటనలో వేల నిట్లు అని ఉంది. మరి అంత వెలుగు ఎందుకు రావట్లేదు?

ప్రకటనల్లో చెప్పేది చాలావరకు గరిష్ఠ వెలుగు. తెరలో చిన్న భాగం వెలిగినప్పుడో, ఎండలో ఉన్నానని సెన్సరు గుర్తించినప్పుడో కొద్దిసేపు వచ్చేది అది. చేత్తో బ్రైట్‌నెస్ చివరిదాకా జరిపితే చాలా ఫోన్లు అంత దూరం పోవు. పైగా ప్రతి చుక్కా విడిగా వెలిగే ఓఎల్‌ఈడీ తెరలు పూర్తి తెల్లటి దృశ్యం వచ్చినప్పుడు కొంత తగ్గుతాయి.

కాసేపటికి తెర దానంతటదే మసకబారుతోంది. ఫోన్ పాడైందా?

పాడవలేదు, వేడెక్కింది. పూర్తి వెలుగులో, గాలాడని పెట్టెలో ఉంచితే ఫోన్ తనను కాపాడుకోవడానికి వెలుగు తగ్గిస్తుంది. పెట్టె వెనక గోడకు, ఫోన్ వీపు వైపున, పైన రెండు కింద రెండు రంధ్రాలు పెట్టండి. వాటికి లోపలివైపు నల్లకాగితం గొడుగులా అడ్డుపెడితే గాలి ఆడుతుంది, వెలుగు కారదు. ఫోన్ కవర్ తీసేయండి. ఛార్జింగ్ పెడుతూ నడపకండి.

ఫోన్ వెనక టార్చ్ పెడితే వెలుగు పెరుగుతుందా?

పెరగదు. ఫోన్ తెర పారదర్శకం కాదు, వెనకనుంచి వచ్చే వెలుగు దాన్ని దాటి రాలేదు.

ట్యాబ్లెట్ వాడితే మెరుగా?

పెట్టె పెద్దదైతే వాడొచ్చు. దూరాలు అవే ఉంచితే గోడ మీద బొమ్మ పెద్దగా వస్తుంది, వెలుగు తగ్గదు. అంచులు మాత్రం ఫోన్‌తో కన్నా ఎక్కువ మసకబారతాయి, ఎందుకంటే లెన్సు మధ్య నుంచి అవి మరింత పక్కకు ఉంటాయి. దీనికి ఫ్రెనెల్ లెన్సే తగినది.

4కె వీడియో పెడితే స్పష్టత పెరుగుతుందా?

పెరగదు. స్పష్టతకు హద్దు పెట్టేది ఒంటి లెన్సు, వీడియో కాదు. సన్నటి వివరాలు లెన్సు దగ్గరే అలుక్కుపోతాయి.

శబ్దం పెట్టెలోనే ఉండిపోతోంది.

బ్లూటూత్ స్పీకరు పెట్టండి. లేకపోతే ఫోన్ స్పీకరు ఉన్న వైపు పెట్టెకు చిన్న రంధ్రం చేసి, పల్చటి నల్లగుడ్డ అతికించండి.

## గోడ మీద బొమ్మ

ఫోన్ ఎంత దూరంలో, గోడ ఎంత దూరంలో ఉండాలి?

బడిలో చదివిన కటక సూత్రమే: నాభ్యంతరం విలోమం (1ని దానితో భాగిస్తే వచ్చేది), వస్తు దూరం (లెన్సు నుంచి ఫోన్‌కు) విలోమం, ప్రతిబింబ దూరం (లెన్సు నుంచి గోడకు) విలోమం. మొదటిది మిగతా రెండింటి మొత్తానికి సమానం. 20 సెం.మీ. నాభ్యంతరమున్న లెన్సు తీసుకుందాం. ఫోన్ లెన్సు నుంచి 30 సెం.మీ.లో ఉంటే బొమ్మ 60 సెం.మీ. దూరంలో రెండింతలై పడుతుంది. ఫోన్ 25లో ఉంటే గోడ 100 సెం.మీ.లో ఉండాలి, బొమ్మ నాలుగింతలు, 15 సెం.మీ. తెర 60 సెం.మీ. అవుతుంది. 24లో ఉంటే 120 సెం.మీ., అయిదింతలు. 22లో ఉంటే 220 సెం.మీ., పదింతలు.

చూడండి, ఫోన్‌ను ఒక్క సెంటీమీటరు జరిపితే గోడ దూరం 20 సెం.మీ. మారింది. అందుకే చాలామందికి ఫోకస్ చిక్కినట్టే చిక్కి జారిపోతుంది. మిల్లీమీటరు చొప్పున జరపాలి. ఇంకోమాట: ఫోన్ 20 సెం.మీ. కన్నా దగ్గరికి వస్తే గోడ ఎంత దూరం జరిపినా బొమ్మ ఏర్పడదు.

మొదటిసారి ఫోన్ 30 సెం.మీ.లో, తెల్లకాగితం 60 సెం.మీ.లో పెట్టి ప్రయత్నించండి. బొమ్మ చిన్నదే అయినా వెలుగు బాగుంటుంది, ఎక్కడ స్పష్టంగా ఉందో కంటికి తెలుస్తుంది. నలుపు మీద తెల్లటి పెద్ద అక్షరాలున్న చిత్రం పెట్టుకుంటే ఫోకస్ పట్టుకోవడం తేలిక.

బొమ్మ తలకిందులుగా పడుతోంది. ఎందుకు?

తెర పైభాగం నుంచి వచ్చిన వెలుగు కటకం దాటాక కిందికి చేరుతుంది, కింది భాగానిది పైకి చేరుతుంది. ఫోన్‌ను తలకిందులుగా పెడితే సరిపోతుంది. కానీ తిప్పగానే ఫోన్ తెలివిగా బొమ్మను కూడా తిప్పేస్తుంది. వీడియో అడ్డంగా నడుస్తుండగా ముందు రొటేషన్ లాక్ వేసి, తర్వాతే ఫోన్‌ను తిప్పి స్టాండు మీద పెట్టండి.

ఫోన్ తిప్పి పెట్టాను, బొమ్మ నిటారుగా ఉంది. కానీ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి!

తప్పు మీది కాదు. ఫోన్ తిప్పితే అంతా సరిపోతుందని చాలాచోట్ల రాసి ఉంటుంది, సగమే నిజం. ఫోన్ ముఖం గోడ వైపు ఉంది, మీ ముఖమూ గోడ వైపే ఉంది. అంటే మీరు తెర వెనక ఉన్నట్టు లెక్క. అక్కణ్నుంచి చూస్తే ఫోన్‌లోని కుడి మీకు ఎడమ. కటకం బొమ్మను అర్ధచక్రం తిప్పగలదు గానీ అద్దంలా తారుమారు చేయలేదు. కాబట్టి ఫోన్‌ను ఎటు తిప్పినా, పైకిందులో కుడిఎడమలో ఒకటి తేడాగా మిగిలే ఉంటుంది. పాత స్లైడు ప్రొజెక్టర్లలో ఈ బాధ లేదు. స్లైడు పారదర్శకం కాబట్టి రెండోవైపుకు తిప్పి పెట్టేవాళ్లు. ఫోన్ ఒకవైపే వెలుగుతుంది.

మూడు దారులున్నాయి. మొదటిది, వీడియో ఎడిటింగ్ యాప్‌లో ఫ్లిప్ లేదా మిర్రర్ అన్నది నొక్కి సేవ్ చేసుకోవడం. రెండోది, గోడకు బదులు ట్రేసింగ్ కాగితమో పల్చటి తెల్లగుడ్డో బిగించి కట్టి, అటువైపు కూర్చుని చూడటం. అప్పుడు అక్షరాలు సరిగ్గా కనబడతాయి, ప్రొజెక్టర్ కాళ్లకు అడ్డం రాదు. నాకు ఇదే ఇష్టం. మూడోది, లెన్సు ముందు అద్దాన్ని 45 డిగ్రీల వాలులో పెట్టి బొమ్మను పక్క గోడకు మళ్లించడం. మామూలు అద్దానికి కళాయి గాజు వెనక ఉంటుంది కాబట్టి బొమ్మ పక్కన సన్నటి నీడబొమ్మ కూడా పడొచ్చు. అక్షరాలు లేని కార్టూన్లయితే ఇవేవీ అక్కర్లేదు, అలాగే చూసేయండి.

మధ్యలో స్పష్టంగా ఉంది, అంచులు మసగ్గా ఉన్నాయి. అంచుల్లో రంగులు కూడా విడిపోతున్నాయి.

ఒంటి లెన్సు స్వభావమే అది. దాని స్పష్టమైన ప్రతిబింబం చదునుగా కాక కాస్త వంపుగా ఏర్పడుతుంది, గోడేమో చదును. ఎరుపు, నీలం వెలుగులు ఒకేచోట కలవవు కాబట్టి అంచుల్లో రంగు గీతలు కనబడతాయి. నల్లకాగితంలో లెన్సు వ్యాసం కన్నా చిన్న గుండ్రటి రంధ్రం కోసి లెన్సు ముందు పెడితే స్పష్టత బాగా మెరుగుపడుతుంది. అయితే రంధ్రం వ్యాసం సగమైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. 10 సెం.మీ. లెన్సుకు 8 సెం.మీ. రంధ్రంతో మొదలుపెట్టండి. వెలుగులో మూడో వంతు పైన పోతుంది, అంచులు తేరుకుంటాయి. ఇంకో ఉపాయం: ఫోకస్‌ను నట్టనడుమ కాకుండా, నడిమికీ అంచుకీ మధ్య ఉన్న భాగం చూస్తూ సరిచేయండి.

బొమ్మ ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు ఇరుకుగా ఉంది.

పెట్టె గోడకు సూటిగా లేదు. పెట్టె కింద పుస్తకాలు పేర్చి, లెన్సును గోడ మీద బొమ్మ మధ్యకు సమానమైన ఎత్తుకు తీసుకురండి. పెట్టెను పైకి వంచకండి.

గోడ ఎలా ఉండాలి? దుప్పటి కట్టొచ్చా?

మెరుపులేని తెల్లటి గోడ చాలు. దుప్పటి అయితే ముడతలు లేకుండా బిగించి కట్టండి. రంగుగోడకు పెద్ద డ్రాయింగు షీట్లు అతికించినా సరే, బొమ్మ ఎలాగూ చిన్నదే.

ఎంత చీకటి కావాలి?

వీలైనంత. కిటికీ సందులోంచి వచ్చే వీధి దీపం వెలుగు చాలు బొమ్మను చంపేయడానికి. దీపాలన్నీ ఆర్పి కాసేపు ఆగండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, కానీ మొదటి అయిదు పది నిమిషాల్లోనే తేడా తెలుస్తుంది. ఆ మధ్యలో ఎవరైనా ఇంకో ఫోన్ తెరిచి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. చూసేదాన్ని కూడా ఎంచుకోండి. పగటి దృశ్యాలు, కార్టూన్లు, కొట్టొచ్చినట్టు కనబడే రంగుల బొమ్మలు బాగుంటాయి. రాత్రి సన్నివేశాలు ఎక్కువున్న సినిమాలు ఈ వెలుగులో అస్సలు కనబడవు.

## జాగ్రత్తలు

పిల్లల చేత చేయించొచ్చా?

చేయించండి. పదో తరగతి పిల్లలు దూరాలు కొలిచి కటక సూత్రంతో పోల్చి చూసుకుంటే ఆ పాఠం మళ్లీ మరచిపోరు. కట్టరుతో రంధ్రం కోసే పని మాత్రం పెద్దవాళ్లు చేయాలి.

వాడనప్పుడు ఎక్కడ పెట్టాలి?

ఎండ పడని చోట. కిటికీ దగ్గర లెన్సు బయటికి తిరిగి ఉంటే, ఎండ దాని గుండా పోగై లోపలి నల్లకాగితాన్ని కాల్చగలదు. నలుపు వేడిని త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. లోపల ఫోన్ ఉంటే తెర కూడా పోతుంది. వాడకం అయిపోగానే ఫోన్ తీసేసి, లెన్సుకు అట్టమూత వేయండి. ఆ మూతను దారంతో పెట్టెకే కట్టేస్తే ఎక్కడికీ పోదు.